మన కారం వంటకు వైన్ నప్పుతుందా? వైన్ గురించి పెద్దగా తెలియనివాళ్లు ఇంట్లో, ప్రయాణంలో ఎలా ఎంచుకోవాలి?

మీ ప్రశ్నలో నాకు మూడు సంగతులు కనిపించాయి. గుంటూరు వంట తినే ఇంట్లో వైన్ అసలు కలుస్తుందా అన్నది ఒకటి. స్నేహితుల ఇళ్లలో వైన్ గురించి మాట్లాడుతుంటే మీకూ మీ వారికీ నోరు పెగలడం లేదన్నది రెండోది. సెప్టెంబరులో జార్జియా రాజధాని ట్బిలిసిలో మెడిసిన్ చదువుతున్న మీ తమ్ముడి దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి ఇటలీ చూసి వద్దామనుకుంటున్నారు, రెస్టారెంట్‌లో వైన్ లిస్టు చేతికిస్తే ఏం చేయాలన్నది మూడోది. మధ్యలో ఇంకో చిన్న ప్రశ్న కూడా వేశారు: ఎవరో బహుమతిగా ఇచ్చిన రెడ్ వైన్ సీసా నాలుగేళ్లుగా బీరువాలో ఉంది, ఇంకెన్నాళ్లు దాస్తే రుచి పెరుగుతుందని.

ముందు జవాబు చెప్పేస్తాను. మన వంటకు వైన్ చక్కగా కలుస్తుంది. కాకపోతే అది గిఫ్టుగా వచ్చే ఘాటైన రెడ్ కాదు. ఆల్కహాల్ తక్కువగా, పులుపు బాగా, తీపి కొద్దిగా ఉన్న చల్లటి వైట్ వైనో, గులాబీ రంగు రోజేనో, బుడగల వైనో అయితే కారాన్ని తట్టుకుంటుంది. ఊరు వెళ్తే ఆ ఊరి వైన్‌నే, జగ్గులో పోసి ఇచ్చేదాన్ని అడగండి. స్నేహితుల ఇంట్లో మీకు ఏ పరీక్షా లేదు, రుచి నచ్చితే నచ్చిందని, నచ్చకపోతే నచ్చలేదని చెప్పడం చాలు. బీరువాలో సీసా ఈ వారమే తెరవండి.

నేను హైదరాబాద్, బెంగళూరు హోటళ్లలో చాలాకాలం వైన్ సర్వీసు చూశాను. ఇప్పుడు ఆ పనిలోకి వచ్చే కుర్రాళ్లకు, అమ్మాయిలకు శిక్షణ ఇస్తున్నాను. కింద రాసేదంతా టేబుల్ దగ్గర నిలబడి చూసినదీ, ఇంట్లో తిని తాగి తెలుసుకున్నదీ.

కారంతో మొదలుపెడదాం

ఈ ఆదివారం ఇంట్లో ఒక పని చేయండి. వేడన్నంలో ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి కలిపి ఒక ముద్ద తినండి. వెంటనే కాబర్నే సావిన్యోన్ లాంటి గట్టి రెడ్ ఒక గుక్క తాగండి. మంట నాలుక అంచుల దాకా పాకుతుంది. వైన్‌లో ఉన్న పండు వాసన ఎటో పోయి చేదూ వగరూ మాత్రమే మిగులుతాయి. తర్వాత నీళ్లు తాగి, రెండు మెతుకులు ఉత్త అన్నం తిని, ఇంకో ముద్ద ఆవకాయన్నం తిన్నాక బాగా చల్లబెట్టిన చెనిన్ బ్లాంక్ అనే వైట్ వైన్ తాగండి. అందులోని కాస్త తీపి మంటను దించుతుంది, పులుపు నోటిని కడిగినట్టు చేసి మరో ముద్దకు సిద్ధం చేస్తుంది. మా దగ్గర శిక్షణకు వచ్చేవాళ్లకు మొదటిరోజు నేను చేయించేది ఇదే. పాఠం అక్కర్లేకుండానే సగం విషయం అర్థమైపోతుంది.

కారణం తెలిస్తే మిగతా ఎంపికలు మీరే చేసుకోగలరు. మిరపకాయలోని కాప్సైసిన్ నోట్లో వేడిని పసిగట్టే నరాల మీద పనిచేస్తుంది. ఆల్కహాల్ పనిచేసేదీ అక్కడే. అందుకే 14, 15 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ కారాన్ని ఇంకా రెచ్చగొడుతుంది. 11, 12 శాతం ఉన్నది అంత రెచ్చగొట్టదు. ఆ అంకె లేబుల్ మీద ఉంటుంది. మన భోజనానికి వైన్ కొనేటప్పుడు నేను మొదట చూసేది దాన్నే, కంపెనీ పేరు ఆ తర్వాత.

ఇక వగరు. రెడ్ వైన్‌ను ద్రాక్ష తొక్కలతో, గింజలతో కలిపి పులియబెడతారు. రంగుతో పాటు వాటి వగరు కూడా వైన్‌లోకి దిగుతుంది. దీన్నే టానిన్ అంటారు. దోర నేరేడుపండు తిన్నాక నాలుక బిరుసెక్కినట్టు ఉంటుందే, అదే పని ఇదీ చేస్తుంది. కారంతో కలిస్తే ఈ బిరుసు ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. కొవ్వు, మాంసం, ఉప్పు తోడైతే తగ్గుతుంది. వైట్ వైన్‌ను ఎక్కువగా తొక్కలు తీసేసిన రసంతో చేస్తారు కనక ఈ గొడవ దాదాపు ఉండదు.

పులుపు విషయంలో ఒక్కటి గుర్తుంచుకోండి. కూరలో పులుపు కంటే వైన్‌లో పులుపు తక్కువైతే వైన్ చప్పగా, నీళ్లు కలిపినట్టు తోస్తుంది. చింతపండు పోసిన చేపల పులుసు పక్కన మెత్తటి, ఓక్ పీపాలో ఉంచిన షార్డొనే అనే వైట్ వైన్ పెడితే జరిగేది అదే. పులుపెక్కువ ఉండే వైట్ వైన్ సావిన్యోన్ బ్లాంక్ అయితే నిలబడుతుంది.

ఏ వంటకు ఏది

అన్నిటికంటే ముందు బజ్జీలు. వాన పడుతున్న సాయంత్రం మిరపకాయ బజ్జీలో, ఉల్లిపాయ పకోడీలో, పునుగులో వేయించుకుని చల్లటి బ్రూట్, అంటే తీపి దాదాపు లేని బుడగల వైన్, తీయండి. నూనెను బుడగలూ పులుపూ కోసేస్తాయి, ఉప్పు వైన్‌ను మెత్తబరుస్తుంది. ఫ్రాన్స్‌లో షాంపేన్ తెరిచినా ఇంత ఆనందం ఉంటుందా అనిపిస్తుంది నాకు. జంతికలు, చేగోడీలు, వేయించిన అప్పడాలు కూడా ఇంతే. వైన్‌కూ మన తిండికీ ఇంతకు మించిన పొత్తు నేను చూడలేదు. దీనికి ఫ్రెంచి సీసా అక్కర్లేదు, నాసిక్‌లో చేసే బ్రూట్ చాలు.

రొయ్యల ఇగురుకు, కోడి వేపుడుకు చెనిన్ బ్లాంక్ గానీ రోజే గానీ. చేపలతో రెడ్ వద్దని పెద్దలు చెప్పే మాటకు గట్టి ఆధారమే ఉంది. వైన్‌లో ఇనుము ఎక్కువైతే చేపలతో కలిసి నోట్లో నీచు రుచి పుడుతుందని జపాన్ పరిశోధకులు 2009లో చూపించారు. రెడ్‌లో ఇనుము తరచూ ఎక్కువ. అన్ని రెడ్‌లూ అలా కావు కాబట్టి మీకు నీచు తగలకపోతే హాయిగా తాగండి.

హైదరాబాదీ దమ్ బిర్యానీ దగ్గర రెడ్‌కు చోటుంది. మటన్ కొవ్వు, నెయ్యి, వేయించిన ఉల్లిపాయల తీపి వగరును మింగేస్తాయి. బిర్యానీలో కారం కంటే మసాలా వాసన ఎక్కువ, షిరాజ్ అనే రెడ్‌లో సహజంగా మిరియాల వాసన ఉంటుంది. మిరియానికి ఆ వాసననిచ్చే రోటండోన్ అనే పదార్థమే షిరాజ్ ద్రాక్షలోనూ ఉందని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు కనిపెట్టారు. అందుకే ఆ రెండూ ఒకే ఇంటివాళ్లలా కలిసిపోతాయి. పక్కన మిర్చీ కా సాలన్ మాత్రం తగ్గించండి. రంజాన్‌లో దొరికే హలీమ్‌కు కూడా రుచిపరంగా ఇలాంటి రెడ్ బాగుంటుంది, అయితే అది ఎవరింట్లో, ఎవరితో కూర్చుని తింటున్నామన్నది ముందు చూసుకోవాలి.

గోంగూర మటన్ కష్టం. ఆకు పులుపు, ఎండుమిర్చి కారం, మాంసం మూడూ మూడు వైపులకు లాగుతాయి. బాగా చల్లటి రోజే ఫర్వాలేదనిపిస్తుంది, అంతకు మించి పొగడలేను. చారన్నం, పెరుగన్నం తినేటప్పుడు గ్లాసు పక్కన పెట్టేయండి. ఆ రెండిటికీ ఏ వైనూ అక్కర్లేదు.

తీపి వంటలతో వైన్ తీయాలంటే వైన్ ఆ తీపికంటే తియ్యగా ఉండాలి, లేకపోతే పుల్లగా పలుకుతుంది. బొబ్బట్లకు, ఖుబానీ కా మీఠాకు లేట్ హార్వెస్ట్ చెనిన్ బ్లాంక్ తీసుకోండి. ద్రాక్షను తీగ మీదే ఎక్కువ రోజులు ఉంచి తీపి పెంచి చేస్తారు దాన్ని. చిన్న గ్లాసు చాలు.

సీసా, ఫ్రిజ్, గ్లాసు

"రెడ్ వైన్ గది ఉష్ణోగ్రతలో తాగాలి" అన్నది ఐరోపా మాట. ఆ గదులు 16 నుంచి 18 డిగ్రీలు ఉండేవి. మన గది ఏప్రిల్‌లో 32 దాటుతుంది. ఆ వేడిలో రెడ్ వైన్ స్పిరిట్ వాసన కొడుతుంది. తెరిచే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. వైట్, రోజే రెండు మూడు గంటలు. బుడగలవైతే ఇంకా చల్లగా.

ఒక మే నెలలో హోటల్ టెర్రస్ మీద ఒక పెద్దాయన రెడ్ వైన్‌లో ఐసు ముక్కలు అడిగారు. మా కుర్రాడు "రెడ్‌లో ఐస్ వేయరు సార్" అన్నాడు. పక్కనున్న ఆయన కోడలు తల దించుకుంది. నేను వెళ్లి ఆయన గ్లాసులో రెండు ముక్కలు వేయించి, బకెట్‌లో ఐసూ నీళ్లూ పోయించి సీసాను అందులో దించాను. పావుగంట తర్వాత ఆ టేబుల్ వాళ్లంతా అదే వైన్‌ను ఇష్టంగా తాగారు. అప్పటిదాకా ఆ సీసా 30 డిగ్రీల దగ్గర ఉంది. అది సరిగ్గా లేదని ముందు చెప్పింది ఆ పెద్దాయన నాలుకే. వైన్ పుస్తకాలు చదివిన మా కుర్రాడికి అది తెలియలేదు. ఆ రోజు నుంచి మా శిక్షణలో "వేయరు", "తాగరు" అనే మాటలు అతిథి ముందు అనకూడదని నియమం పెట్టాను.

మీ బీరువా సీసా సంగతి. పాతబడేకొద్దీ బాగుపడే వైన్లు ఉన్నాయి, కానీ చాలా తక్కువ. వాటిని కూడా చల్లటి, చీకటి నేలమాళిగల్లో పడుకోబెట్టి ఉంచుతారు. మార్కెట్లో దొరికే వైన్‌లో ఎక్కువభాగం చేసిన రెండు మూడేళ్లలో తాగడానికే. హైదరాబాద్ ఎండాకాలాలు నాలుగు చూసిన సీసా లోపల ఉడికినట్టే. తెరిచి వాసన చూడండి. ఉడకబెట్టిన ఎండుద్రాక్షలాగానో, వెనిగర్‌లాగానో ఉంటే సింకులో పోసేయండి, పాపం అనుకోవద్దు. బాగుంటే అదృష్టం, ఆ రోజే పూర్తి చేయండి.

కొనేటప్పుడు కూడా ఇదే చూపు ఉండాలి. ఎండ తగిలే అద్దం వెనక నిలబెట్టిన సీసా వద్దు. బిరడా కొంచెం పైకి ఉబ్బినట్టున్నా, మూత చుట్టూ జిగురు కారినట్టున్నా వద్దు. ఏసీ ఉన్న షాపులో, సరుకు త్వరగా అమ్ముడయ్యే చోట కొనండి. నాసిక్ వైపు ద్రాక్ష కోతలు జనవరి నుంచి మార్చి వరకు జరుగుతాయి. లేబుల్ మీద సంవత్సరం చూసి, మన వైట్ వైన్లయితే గత రెండేళ్లలోవి తీసుకోండి. మెలితిప్పే మూత చూసి చవకరకం అనుకోవద్దు. న్యూజిలాండ్ వైన్ దాదాపు అంతా ఆ మూతతోనే వస్తుంది. మన వేడికి నాకైతే అదే నయమనిపిస్తుంది.

మన దేశపు వైన్ అని చులకన చేసేవాళ్లు మీకు తప్పకుండా ఎదురవుతారు. బెంగళూరు పక్కన నందిహిల్స్ దగ్గర గ్రోవర్ అనే వైన్ కంపెనీ వాళ్లు 1988లో మొదలుపెట్టారు, నాసిక్‌లో సులా కంపెనీ మొదటి వైన్లు 2000లో బయటికొచ్చాయి. వందల ఏళ్ల అనుభవం ఉన్న ఊళ్లతో పోలిస్తే ఇది నిన్నమొన్నటి మాట. హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఎ-షాహీ తోటలు ఒకప్పుడు చాలా ఉండేవి కానీ అది తినే ద్రాక్ష, పెద్ద కాయ, పలచటి తొక్క. వైన్ ద్రాక్ష చిన్నగా, మందమైన తొక్కతో, గింజలతో ఉంటుంది. ఆ రకాలను మన వాతావరణానికి అలవాటు చేసి, చలికాలంలో పండేలా కత్తిరింపులు మార్చి, ఈ మాత్రం రుచి తెప్పించడం చిన్న పని కాదు. మన చెనిన్, సావిన్యోన్ బ్లాంక్‌లు అతిథుల ముందు పెట్టడానికి మీరు సంకోచించనక్కర్లేదు.

గ్లాసు ఏదైనా సరే, పైన కొంచెం సన్నబడితే వాసన లోపల నిలుస్తుంది. మూడో వంతు పోయండి. కాడ పట్టుకోమనేది అరచేతి వేడి తగలకుండా. కాడలేని గ్లాసైతే మామూలుగా పట్టుకోండి. మిగిలిన వైన్‌కు బిరడా బిగించి, రెడ్ అయినా ఫ్రిజ్‌లోనే పెట్టండి, మూడు నాలుగు రోజులు బాగుంటుంది.

స్నేహితుల ఇంట్లో మాటలు

గ్లాసు తిప్పడం వల్ల వాసన పైకి వస్తుంది, అంతే. తిప్పాక గోడల మీద కారే చారల్ని చూసి నాణ్యత చెప్పేవాళ్లను నమ్మకండి, అవి ఆల్కహాల్ వల్ల ఏర్పడేవి. బిరడా వాసన చూడాల్సిన పని కూడా లేదు.

మాటలకు వస్తే, మీకున్న మాటలు చాలు. పక్కగదిలో కూర్చుని పోపు మాడిందో లేదో చెప్పగలిగేవాళ్లం మనం. పచ్చడిలో ఇంగువ తక్కువైతే మొదటి ముద్దకే పట్టేస్తాం. అలాంటి ముక్కు ఉన్నవాళ్లు ఎప్పుడూ తినని బ్లాక్‌కరెంట్ పేరు అరువు తెచ్చుకోవడం ఎందుకు? సావిన్యోన్ బ్లాంక్‌లో జామపండు, పచ్చి క్యాప్సికం వాసనలు స్పష్టంగా తెలుస్తాయి. క్యాప్సికంకు ఆ పచ్చివాసన ఇచ్చే పదార్థమే ఆ ద్రాక్షలోనూ ఉంది. మా క్లాసులో ఒకమ్మాయి ఒక వైట్ వైన్ వాసన చూసి "మామిడల్లం" అంది. తెలుగువాళ్లందరికీ ఆ ఒక్క మాటతో ఆ వైన్ కళ్లకు కట్టింది. పుస్తకంలో దాని గురించి రాసిన నాలుగు వరుసలు అంత పని చేయలేదు.

వైన్ చదువుకున్నవాళ్లను కూడా కళ్లు మోసం చేస్తాయి. బోర్డో విశ్వవిద్యాలయంలో వైన్ శాస్త్రం చదివే 54 మందికి వైట్ వైన్‌లో వాసనలేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, దాన్ని రెడ్ వైన్‌కు వాడే మాటలతో వర్ణించారు. 2001లో ఆ పరిశోధన అచ్చయింది. ధర కూడా అంతే. పేరూ ధరా దాచి చేసిన 6,000కు పైగా రుచి పరీక్షల ఫలితాలను 2008లో విశ్లేషిస్తే, శిక్షణ లేని మామూలు మనుషులు ఖరీదైన వైన్‌ను ఎక్కువగా ఇష్టపడలేదని తేలింది. మీరూ చేసి చూడండి. మూడు సీసాలకు న్యూస్‌పేపర్ చుట్టి, అంకెలు వేసి, ఇంటికొచ్చిన నలుగురికీ పోయండి. ఏది నచ్చిందో చెప్పాకే కాగితం విప్పాలి. 1976లో పారిస్‌లో స్టీవెన్ స్పురియర్ అనే వైన్ వ్యాపారి ఇలాగే పేర్లు దాచి పోయిస్తే, ఫ్రెంచి న్యాయనిర్ణేతలే కాలిఫోర్నియా వైన్లకు మొదటి స్థానాలు ఇచ్చారు.

ఇంతా చెప్పి ఒక మాట. వైన్ గురించి బాగా తెలిసినవాళ్లంతా గొప్పలు పోయేవాళ్లు కాదు. ఇష్టంతో నేర్చుకున్నవాళ్లు ఎదుటివాళ్లను "నీకెలా ఉంది?" అని అడుగుతారు, విన్నాక తమకు తెలిసింది చెబుతారు. అలాంటివాళ్లు దొరికితే వదలొద్దు. "ఇది తెలియకుండా వైన్ ఎలా తాగుతున్నారు" అనేవాళ్ల దగ్గర మాట మార్చి తిండి గురించి మాట్లాడండి.

తాగనివాళ్లకూ అదే మర్యాద దక్కాలి. ఇంటికి పిలిచినప్పుడు నిమ్మకాయ సోడానో, అల్లం వేసిన మజ్జిగనో అవే మంచి గ్లాసుల్లో పోసి ఇవ్వండి, ఎందుకు తాగరని అడక్కండి. గర్భిణులకు, మందులు వాడేవాళ్లకు, డ్రైవింగ్ చేయాల్సినవాళ్లకు అసలు వద్దు. శాకాహారులు ఉంటే ఇంకో జాగ్రత్త: కొన్ని వైన్లను తేటపరచడానికి గుడ్డు తెల్లసొననో, చేపల నుంచి తీసిన పదార్థాన్నో వాడతారు. వీగన్ అని లేబుల్ మీద ఉన్నది చూసి కొనండి.

రెస్టారెంట్‌లో

లిస్టు చేతికి రాగానే రెండు విషయాలు చెప్పండి: ఏం తింటున్నారో, ఎంతలో కావాలో. డబ్బు మాట పైకి అనడం ఇష్టం లేకపోతే లిస్టులో ఒక ధర మీద వేలు పెట్టి "ఇలాంటిది చెప్పండి" అనండి. సరైన సర్వరుకు వెంటనే అర్థమవుతుంది. నన్ను అలా అడిగిన అతిథుల మీద నాకు ఎప్పుడూ గౌరవమే కలిగింది, పని సులువు చేశారు కాబట్టి.

సీసా తెరిచి కొద్దిగా పోస్తారు. అది నచ్చిందా లేదా అని అడగడానికి కాదు, చెడిపోలేదు కదా అని చూపించడానికి. ఒక్కసారి వాసన చూడండి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా దెబ్బ తగిలిందని అర్థం. వెనిగర్ వాసన వచ్చినా సరే, "ఒకసారి మీరు కూడా చూడండి" అని గ్లాసు ఆయనకే ఇవ్వండి. మార్చి ఇవ్వాల్సిన బాధ్యత వాళ్లది. బాగుంటే తలూపండి, వర్ణన ఏమీ అక్కర్లేదు.

జార్జియా

మీరు వెళ్లేది అసలైన నెలలో. కఖేతి ప్రాంతంలో ద్రాక్ష కోతలు, వాళ్లు ర్‌త్వేలి అంటారు, సెప్టెంబరు, అక్టోబరుల్లో జరుగుతాయి. జార్జియాలో దాదాపు 8,000 ఏళ్ల కిందటి వైన్ ఆనవాళ్లు మట్టి కుండల్లో దొరికాయి. నేటికీ భూమిలో పాతిన పెద్ద మట్టి కాగుల్లో, క్వెవ్రీ అంటారు, వైన్ చేస్తారు. ఆ పద్ధతిని యునెస్కో 2013లో వారసత్వ జాబితాలో చేర్చింది. ట్బిలిసి నుంచి సిఘ్నఘి, తెలవి ఊళ్లకు పొద్దున వెళ్లి రాత్రికి రావచ్చు. మీ తమ్ముడిని డ్రైవరుతో టాక్సీ మాట్లాడమనండి, ఎవరూ తాగి నడపాల్సిన పని లేకుండా.

ఆ పాత పద్ధతిలో తెల్ల ద్రాక్ష వైన్‌ను తొక్కలతో సహా నెలల తరబడి క్వెవ్రీలో ఉంచుతారు. తేనె రంగులో, రెడ్‌లాగా వగరుగా ఉంటుంది. మొదటి గుక్క వింతగా అనిపిస్తే ఆగి, వాల్‌నట్ ముద్ద పెట్టి చుట్టిన వేయించిన వంకాయ ముక్కతో మళ్లీ తాగండి. బద్రిజాని అంటారు దాన్ని. గింజల కొవ్వుకు వగరు అతుకుతుంది. రెడ్‌లలో సపేరావి అనే ద్రాక్షతో చేసేది ముఖ్యం, ఆ పండు గుజ్జు కూడా ఎర్రగానే ఉంటుంది. మీ నోటికి కారం కావాల్సి వచ్చి అజికా పచ్చడి అడిగిన రోజు మాత్రం కిండ్జ్‌మరౌలి తెప్పించుకోండి. సపేరావితోనే చేస్తారు కానీ సహజంగా కొంత తీపి మిగులుతుంది. వైన్ తెలిసినవాళ్లలో కొందరు తీపి రెడ్ అంటే ముఖం తిప్పుకుంటారు. కారంతో అది ఎంత బాగుంటుందో తాగినవాళ్లకు తెలుసు.

శాకాహారులకు లోబియో అనే చిక్కుడు గింజల కూర, ఖచపురి అనే చీజ్ రొట్టె, వంకాయ టమాటా కలిపి చేసే అజప్‌సందలి ఉన్నాయి. మాంసం తినేవాళ్లయితే ఖింకలిని, అంటే మాంసం కూరి ఉడికించిన పిండి మూటను, పైన ముడి పట్టుకుని చేత్తో తినాలి, ముందు చిన్నగా కొరికి లోపలి రసం పీల్చాలి, ముడి వదిలేయాలి. ఎవరింటికైనా విందుకు పిలిస్తే తమదా అనే పెద్దాయన ఒక్కో మాట చెప్పి గ్లాసు ఎత్తుతాడు, మధ్యలో ఎవరికి వారు తాగరు. ప్రతిసారీ ఖాళీ చేయలేమని మొదట్లోనే నవ్వుతూ చెప్పేయండి.

ఇటలీ

ఇక్కడ పని ఇంకా సులువు. వీనో దెల్లా కాజా అని అడిగితే ఇంటి వైన్ జగ్గులో తెస్తారు. పావులీటరు, అరలీటరు కొలతల్లో దొరుకుతుంది. మీ ఇద్దరికీ అరలీటరు సరిపోతుంది. బిల్లులో కొపెర్తో అని మనిషికి కొంత వేస్తారు, అది టేబుల్ ఛార్జీ, మోసం కాదు.

బరోలో అనే ఖరీదైన వైన్ పుట్టిన లాంగే కొండల్లో మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు పక్క టేబుళ్ల మీద నేను చూసింది దోల్చెత్తో, బార్బెరా జగ్గులే. ఆ ఊరివాళ్లు రోజూ తాగేవి అవి. రోమ్‌లో ఫ్రస్కాతి, ఫ్లోరెన్స్‌లో కియాంతి, బొలోన్యా వైపు వెళ్తే చల్లటి ఎర్ర బుడగల లంబ్రుస్కో. ఈ చివరిది తప్పకుండా రుచి చూడండి, ఇంటికొచ్చాక మన కోడి వేపుడు పక్కన ఇదుంటే ఎంత బాగుండునో అనిపిస్తుంది. వెనిస్‌లో సాయంత్రాలు చిన్న బార్లలో నిలబడి, రొట్టె ముక్కల మీద చేపో కూరగాయో పెట్టిన చికెత్తీ తింటూ చిన్న గ్లాసు వైన్ తాగుతారు. కౌంటరు మీద కనిపించినదాన్ని వేలితో చూపిస్తే చాలు, భాష అక్కర్లేదు. ఫ్లోరెన్స్ గోడల్లో పాతకాలపు చిన్న వైన్ కిటికీలు ఉన్నాయి, కొన్నిట్లోంచి ఇప్పటికీ గ్లాసు అందిస్తారు.

మన పచ్చడి డబ్బా వెంట తీసుకెళ్తే సిగ్గుపడొద్దు, గదిలో తినండి. రెస్టారెంట్‌లో మాత్రం వాళ్లు వండింది వండినట్టు ఒకసారి తినండి. కారం కావాలంటే పెపెరొంచీనో అడిగితే ఎండుమిర్చి తెచ్చిపెడతారు.

తిరిగి వచ్చేటప్పుడు ఒక్కొక్కరు 2 లీటర్ల వరకు మద్యం సుంకం లేకుండా తేవచ్చు, అంటే మనిషికి రెండు సీసాలు. చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు, కాబట్టి పెద్ద సూట్‌కేసులో, బట్టల మధ్యలో, ఒక్కో సీసాను ప్లాస్టిక్ కవరులో కట్టి పెట్టండి. జార్జియాలో ఇళ్లలో చేసి ప్లాస్టిక్ సీసాల్లో అమ్మే వైన్ అక్కడే తాగేయండి, అది ప్రయాణానికి ఆగదు. తెచ్చే రెండిట్లో ఒకటి కిండ్జ్‌మరౌలి పెట్టుకోండి. వచ్చాక కోడి పులుసుతో తాగి ఎలా ఉందో ఇక్కడ రాయండి, నాకూ తెలుసుకోవాలనుంది.